బాలింత పథ్యంలో చక్కెర, వదలని నోటిపూత

పసిబిడ్డ నోట్లో తెల్లటి పూత, పాలిచ్చే తల్లి చనుమొనల్లో మంట మందు వాడినా తిరగబెడుతుంటే తల్లి చక్కెర, బెల్లం, తేనె మానేయాలనే పథ్యం ఒకటి ప్రచారంలో ఉంది. పూతకు కారణమైన కాండిడా చక్కెర తిని పెరిగే జీవి కాబట్టి తల్లి తీపి మానేస్తే దానికి తిండి దొరకదనేది దీని వెనుక ఉన్న తర్కం. ఈ తర్కంలో మొదటి సగం నిజం, రెండో సగానికి ఆధారాలు చాలా తక్కువ. పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఈ విషయం మరికాస్త చిక్కుగా ఉంటుంది. ఇక్కడి బాలింత తిండిలో బెల్లానిది పెద్దపీట. ఆమె తినకూడదంటూ ఇంట్లో పెద్దలు చెప్పే వాటి చిట్టా కూడా అంతే పెద్దది.

పూత, దాని కారకం

కాండిడా అల్బికన్స్ అనే ఈస్టు ఆరోగ్యవంతుల నోటిలో, పేగుల్లో, యోనిలో మామూలుగానే ఉంటుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి, ఆ తరువాత చేతుల నుంచి, చనుమొనల నుంచి బిడ్డ నోటికి చేరుతుంది. చంటిబిడ్డకు లాలాజలం తక్కువ, రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు. అందుకే మొదటి నెలల్లో పూత ఎక్కువగా కనిపిస్తుంది. నాలుక మీద, బుగ్గల లోపల, చిగుళ్ల మీద పెరుగు తరకల్లాంటి మచ్చలు వస్తాయి. పాలు తాగాక నాలుక మీద మిగిలే తెలుపు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పూత అంత తేలిగ్గా పోదు. గట్టిగా తుడిస్తే కింద ఎర్రగా, ఒక్కోసారి నెత్తురు చెమరుస్తూ కనిపిస్తుంది. తల్లికి చనుమొనలు ఎర్రబారి నిగనిగలాడతాయి, పొట్టు లేస్తుంది, బిడ్డ రొమ్ము వదిలిన తరువాత కూడా మంట ఆగదు. బిడ్డ తొడల మడతల్లో, మలద్వారం చుట్టూ ఎర్రటి దద్దు కూడా రావచ్చు.

పల్లెల్లో "నోరు పూసింది" అనే మాట దీనికొక్కదానికే కాదు. పెద్దవాళ్లకు బి విటమిన్ల లోపంతో నోరు పొక్కినా అదే మాట, వేడి చేసిందని దానికొక కారణం. ఈ గందరగోళంలో బిడ్డ నాలుకకు కూడా బి-కాంప్లెక్స్ సిరప్ రాస్తుంటారు. శిలీంధ్రం మీద ఆ సిరప్ పనిచేయదు సరికదా, అది తియ్యటి పాకం.

ఈ వ్యాధి గ్రీకు వైద్యుల కాలం నుంచే తెలుసు. పూతలో శిలీంధ్రం ఉందని జర్మనీలో లాంగెన్‌బెక్ 1839లో గుర్తించాడు. దాని ప్రజాతికి కాండిడా అన్న పేరును 1923లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్ఖౌట్ పెట్టింది. మొదటి నమ్మకమైన మందు నిస్టాటిన్. దాన్ని న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసే ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ 1950లో వెలుగులోకి తెచ్చారు. ఒకరు న్యూయార్క్‌లో, మరొకరు ఆల్బనీలో ఉంటూ నమూనాలను టపాలో పంపుకుంటూ చేసిన పని అది. మందు పేరులో ఆ రాష్ట్రం పేరే దాగి ఉంది. ఆ మందు అవసరం ఆ రోజుల్లోనే పెరగడానికి కారణం యాంటీబయాటిక్స్. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి ఆరియోమైసిన్ 1948లో బయటకు వచ్చింది. అలాంటి మందులు బాక్టీరియాను ఊడ్చేసిన చోటల్లా ఈస్టుకు జాగా దొరికింది.

ఆ లెక్క నేటికీ మారలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆపరేషన్ అంటే యాంటీబయాటిక్ తప్పదు. రొమ్ము వాపు వచ్చినా, కుట్లు చీము పట్టినా మరో కోర్సు. పూత తిరగబెడుతున్న తల్లిని "చక్కెర ఎంత తింటున్నారు" అని అడిగేకన్నా "ఈ రెండు నెలల్లో యాంటీబయాటిక్ ఎన్నిసార్లు వాడారు" అని అడగడం వల్ల ఎక్కువ విషయం తెలుస్తుంది.

చక్కెర వాదం పుట్టుక

తీపి మానితే ఈస్టు చస్తుందన్న సిద్ధాంతం వయసు నలభై ఏళ్లు దాటింది. అమెరికా వైద్యులు ఓరియన్ ట్రస్, విలియం క్రుక్ 1983లో చెరొక పుస్తకం వెలువరించారు. అలసట, తలనొప్పి, దిగులు మొదలుకొని సవాలక్ష బాధలకు పేగుల్లోని కాండిడాయే మూలమని వాటి వాదన. చక్కెర, రొట్టె, పులిసిన పదార్థాలు మానేయడమే అందులో ప్రధాన చికిత్స. అమెరికా ఎలర్జీ వైద్యుల అకాడమీ 1986లోనే ఇది ఊహాజనితమని, రుజువు కాలేదని ప్రకటించింది. 1990లో 42 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో యోనిలో దురద, మంట వంటివి నిస్టాటిన్‌తో తగ్గాయి గానీ, ఒళ్లంతా ఉన్నాయని చెప్పిన బాధల విషయంలో అది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగుగా పనిచేయలేదు. సిద్ధాంతం ఓడిపోయినా పథ్యం మాత్రం మిగిలింది. అక్కడి నుంచి పాలిచ్చే తల్లుల సలహాల్లోకి, ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల ద్వారా తెలుగు ఇళ్లలోకి వచ్చింది.

పథ్యాన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనాలు కొద్దే. వాటిలో ముఖ్యమైనది 1999లో జర్మనీ నుంచి వచ్చింది. 28 మంది ఆరోగ్యవంతులకు మామూలు తిండికి తోడు చక్కెర బాగా పెంచి ఇచ్చి, నోటిలో, మలంలో కాండిడాను లెక్కపెట్టారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే మలంలో కాండిడా ఎక్కువున్న కొద్దిమందిలో మాత్రం కొంత పెరుగుదల కనిపించింది. ఇది పాలిచ్చే తల్లుల మీద చేసిన పరీక్ష కాదు, కాబట్టి తలుపు పూర్తిగా మూయదు. కానీ తల్లి లడ్డూ తింటే బిడ్డ నోరు పూస్తుందనే మాటకు ఆసరా కూడా ఇవ్వదు.

శరీరం పనిచేసే తీరు చూస్తే కారణం అర్థమవుతుంది. మధుమేహం లేని మనిషి ఎంత తీపి తిన్నా రక్తంలో చక్కెరను ఇన్సులిన్ ఒక హద్దులోనే ఉంచుతుంది. తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఆమె జొన్న రొట్టె తిన్నా జిలేబీ తిన్నా ఈ మోతాదు మారదు, ఎందుకంటే లాక్టోజ్‌ను రొమ్ములోని కణాలే తయారు చేస్తాయి. ఇంకో తమాషా ఏమిటంటే, లాక్టోజ్‌ను కాండిడా అల్బికన్స్ వాడుకోలేదు. పైపెచ్చు పాలలోని లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ ఈస్టుకు ఇనుము అందకుండా చేస్తుంది. పాల నమూనాలో కాండిడాను పెంచి చూడాలంటే ప్రయోగశాలల్లో ఇనుము కలపవలసి రావడం ఇందుకే.

పులిసిన తిండి మీద నిషేధం మరీ పలుచని వాదన. ఇడ్లీ పిండిని పులియబెట్టేవి ప్రధానంగా ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియా. బ్రెడ్డు ఈస్టు, కల్లు ఈస్టు శాకరోమైసిస్ జాతివి. కాండిడా వాటికి దూరపు చుట్టం మాత్రమే, వాటిని తింటే అది పుట్టదు. కల్లు బాలింతకు పనికిరాదనడానికి కారణం ఈస్టు కాదు, పాలలోకి దిగే ఆల్కహాల్.

చక్కెర నిజంగా లెక్కలోకి వచ్చే చోటు

కాండిడాకు చక్కెరతో సంబంధమే లేదనడం కూడా పొరపాటే. అదుపులో లేని మధుమేహంలో రక్తంలో, లాలాజలంలో, మూత్రంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఈస్టును మింగే తెల్లరక్తకణాలు మందగిస్తాయి. మధుమేహానికి వాడే కొన్ని కొత్త మందులు గ్లూకోజ్‌ను మూత్రంలోకి తోసేస్తాయి. వాటిని వాడేవారిలో జననాంగాల కాండిడా ఇన్ఫెక్షన్లు ఎక్కువ. చక్కెర శిలీంధ్రం ఉన్నచోటికి చేరినప్పుడు ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది. పళ్లెంలోని చక్కెర మధుమేహం లేని తల్లిలో అక్కడిదాకా చేరదు, మధుమేహం ఉన్న తల్లిలో చేరుతుంది.

అందుకే పూత, యోని దురద పదేపదే వస్తున్న బాలింతకు ముందు చేయవలసింది రక్తపరీక్ష. గర్భిణులకు మన ప్రభుత్వ వైద్య వ్యవస్థలో వాడే పద్ధతి తేలిక: 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చూస్తారు, 140 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటే గర్భకాల మధుమేహం కింద లెక్క. అలా తేలిన స్త్రీకి కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ పరీక్ష జరగాలి. కాన్పు హడావుడిలో, పుట్టింటి నుంచి అత్తింటికి మారే తొందరలో తప్పిపోయేది సరిగ్గా ఈ పరీక్షే. మధుమేహం తేలితే చక్కెర తగ్గించడం పూత కోసం పెట్టిన పథ్యంగా కాక, అసలు వైద్యంగా మారుతుంది.

బాలింత తినేది

ఈ జిల్లాల్లో పురిటి తిండి ఇంటింటికీ, కులానికీ, తండాకూ మారుతుంది. అన్నిటిలోనూ కనిపించేది కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము దంచి బెల్లం, నెయ్యితో కలిపిన ముద్ద అది. దానికి తోడు ఎల్లిగడ్డ కారం, పాత బియ్యం అన్నం, కుడుకలు, ఖర్జూరాలు, నువ్వుల లడ్డూలు. చూడవచ్చిన చుట్టాలు బిస్కెట్ పుడాలు, మిఠాయిలు తెస్తారు. అన్నిటికన్నా నిశ్శబ్దంగా లెక్క పెంచేది చాయ. గ్లాసుకు రెండు చెంచాలంటే ఎనిమిది నుంచి పది గ్రాముల చక్కెర, రోజుకు నాలుగు గ్లాసులకు నలభై గ్రాముల దాకా తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన హద్దు ప్రకారం, రోజుకు 2,000 కిలో క్యాలరీలు తినేవారికి బయట నుంచి చేరే చక్కెర 50 గ్రాములకు మించకూడదు, 25 లోపుంటే మరీ మంచిది. చాయతోనే ఆ రెండో గీత దాటిపోతుంది.

చక్కెర బదులు బెల్లం, తేనె వాడితే సరిపోతుందనే సర్దుబాటు కూడా వినిపిస్తుంది. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరే. తేనెలోనూ అంతే, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రూపంలో. భూపాలపల్లి అడవి మండలాల్లో దొరికే ఎండిన ఇప్పపువ్వు కూడా తీపిలో వీటికి తీసిపోదు. వీటి రుచిలోనూ ఖనిజాలలోనూ తేడాలున్నాయి గానీ, ఈస్టును ఎండగట్టాలనుకునే వారికి ఆ తేడా ఎందుకూ పనికిరాదు.

ఇక పథ్యంలోని రెండో వైపు, పెద్దలు తినొద్దనేవి. చలువ చేస్తుందని పెరుగు, కొన్ని పండ్లు, కొన్ని కూరగాయలు. బిడ్డకు అరగదని పప్పు. వాతమని వంకాయ, ఆలుగడ్డ. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకు అదనంగా 600 కిలో క్యాలరీలు, దాదాపు 17 గ్రాముల ప్రోటీన్, ఆ తరువాతి ఆరు నెలల్లో 520 కిలో క్యాలరీలు, 13 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క కట్టింది. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఇప్పటికే ఇన్ని తీసేసిన పళ్లెంలోంచి బెల్లపు లడ్డూను కూడా లాగేసి ఆ జాగాలో ఏమీ పెట్టకపోతే, నష్టపోయేది ఈస్టు కాదు, తల్లి.

నగరాల్లో ప్రమాదం ఇంకో రకం. చక్కెర మానడంతో మొదలై అన్నం, రొట్టె, పండ్లు, పాలు అన్నీ మానేసే కీటో తరహా తిండికి కొందరు చేరుకుంటారు. పాలిచ్చే తల్లి శరీరం రోజూ లాక్టోజ్ కోసం గ్లూకోజ్ ఖర్చు చేస్తూనే ఉంటుంది. పిండి పదార్థాలు దాదాపుగా ఆపేసిన బాలింతలకు మధుమేహం లేకుండానే రక్తం ఆమ్లంగా మారి వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసంతో ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ ప్రాణం మీదకు వచ్చే పరిస్థితి.

తీపి తగ్గించుకోదలచిన తల్లికి తేలికైన దారి చాయ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, మిఠాయిలను తగ్గించి అన్నం, జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, పండ్లు ఉంచుకోవడం. 2015 జనవరి నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీ కేంద్రంలో పెట్టే పూట భోజనం అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో దాదాపు ఇదే కూర్పు. పెరుగులోని మంచి బాక్టీరియా పూతను నయం చేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. అయినా పురిట్లో పెరుగు మానిపించడానికి అంతకన్నా లేదు.

బిడ్డ నోటికి చేరే తీపి

తల్లి పళ్లెంలోని బెల్లం మీద ఉన్నంత చూపు బిడ్డ నోట్లో పడే తీపి మీద ఉండదు. పుట్టగానే నాలుకకు రాసే తేనె, గొంతు ఆరుతుందని పోసే చక్కెర నీళ్లు, తియ్యటి గ్రైప్ వాటర్, చప్పరించేందుకు ఇచ్చే పీపీకి అద్దే తేనె, పోతపాల సీసా: ఇవన్నీ నేరుగా ఈస్టు ఉన్నచోటికే వెళ్తాయి. చక్కెర దొరికితే కాండిడా కణాలు నోటి పొరకు మరింత గట్టిగా అంటుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. సీసా, పీపీ వాడే బిడ్డల నోట్లో కాండిడా ఎక్కువగా కనిపించడం కూడా తెలిసిందే. ఏడాది లోపు పిల్లలకు తేనె ఎలాగూ పనికిరాదు, బాట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు.

పాత ఇళ్లలో ఉగ్గుగిన్నె ఇంకా వాడుకలో ఉంది. దాని సన్నటి కొమ్ము లోపల బ్రష్ చేరదు కాబట్టి పాల జిడ్డు నిలిచిపోతుంది. సీసా పీకలు, పీపీ, ఉగ్గుగిన్నె రోజూ ఇరవై నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచడం తల్లి ఎన్ని స్వీట్లు మానినా రాని ఫలితాన్నిస్తుంది. తల్లి లోదుస్తులు, బిడ్డ లంగోటీలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఈ జిల్లాల్లో ఎండకు కరువు లేదు.

అది అసలు పూతేనా?

వదలని చనుమొన నొప్పికి పూత ఒక కారణం మాత్రమే, అదీ అతిగా అంటగట్టే కారణం. బిడ్డ నోరు సరిగా తెరవకుండా చనుమొనను మాత్రమే చప్పరించడం అన్నిటికన్నా మామూలు. నాలుక కింద పొర బిగుసుకుపోవడం, గజ్జి వంటి చర్మవ్యాధి, బాక్టీరియా, చలికి రక్తనాళాలు ముడుచుకుని చనుమొన తెల్లబారి తరువాత ఎరుపు, ఊదా రంగుల్లోకి తిరిగే స్థితి కూడా మంటను తెస్తాయి. మహబూబాబాద్ వైపు మిరపకాయలు ఏరే రోజుల్లో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మిర్చి ఘాటు చేతుల్ని గంటల తరబడి వదలదు, నీళ్లతో కడిగినా పూర్తిగా పోదు. ఆ చేతులతో రొమ్ము పట్టుకుని పాలిస్తే మంట పుట్టడానికి శిలీంధ్రం అక్కర్లేదు. చేతికి నూనె రాసి, ఆపైన సబ్బుతో కడగాలి.

ఈ విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మెల్‌బోర్న్‌లో 346 మంది తొలిచూలు తల్లులతో జరిగి 2013లో అచ్చయిన అధ్యయనం మండే చనుమొన నొప్పికి, కాండిడాకు సంబంధం ఉందని చూపింది. అంతర్జాతీయ తల్లిపాల వైద్యుల అకాడమీ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు మాత్రం రొమ్ము లోపలి గొట్టాల్లో ఈస్టు ఇన్ఫెక్షన్ అనే నిర్ధారణకు ఆధారాలు చాలవన్నాయి. బిడ్డ నోటిపూత మీద మాత్రం ఎవరికీ సందేహం లేదు, అది కంటికి కనిపిస్తుంది.

చికిత్స

పూత తిరగబెట్టడానికి ఎక్కువసార్లు కారణం సగం చికిత్స. బిడ్డకు మందు వేసి తల్లిని వదిలేయడం, మచ్చలు పోగానే మూడో రోజుకే మందు సీసా పక్కన పెట్టేయడం. తల్లీబిడ్డలకు ఒకేసారి మందు మొదలుపెట్టాలి, మచ్చలు పోయాక కూడా వైద్యులు చెప్పినన్ని రోజులు వాడాలి. మన మెడికల్ షాపుల్లో బిడ్డ నోటికి సాధారణంగా దొరికేది క్లోట్రిమజోల్ ద్రవం, ఇంకా నిస్టాటిన్ చుక్కలు. మైకొనజోల్ జెల్ నాలుగు నెలల లోపు బిడ్డకు గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. తల్లి చనుమొనలకు మైకొనజోల్ లేదా క్లోట్రిమజోల్ క్రీము పలుచగా రాస్తారు. తగ్గకపోతే వైద్యులు ఫ్లూకొనజోల్ మాత్రలు ఇస్తారు. అది పాలలోకి దిగుతుంది, కానీ బిడ్డ పూతను నయం చేసేంత మోతాదులో కాదు, కాబట్టి బిడ్డ మందు బిడ్డకు వేయాల్సిందే.

పాత తరం ఊదారంగు మందు, జెన్షన్ వయొలెట్, పూతను చంపుతుంది కానీ గాఢత ఎక్కువైతే నోటి పొరను కాలుస్తుంది. కెనడా ఆరోగ్య శాఖ 2019లో క్యాన్సర్ భయంతో దాన్ని మానేయమంది. బోరాక్స్ ఉండే బోరోగ్లిజరిన్ అంతకన్నా చెడ్డది. తేనె, బోరాక్స్ కలిపిన మందును పీపీకి రాసి ఇచ్చిన ఏడుగురు పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన ఉదంతం 1983లో వైద్యులు నమోదు చేశారు. తీపి, ఇంటివైద్యం రెండూ ఒకే గిన్నెలో కలిసిన ఉదాహరణ అది.

చికిత్స జరుగుతుండగా పాలివ్వడం ఆపనక్కర్లేదు, పిండిన పాలు పారబోయనక్కర్లేదు. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ నోరు, తల్లి రొమ్ము చూపించడానికి ఆ ఆరు సందర్శనలు చాలు. అంతకు మించిన వైద్యానికి మునుపు వరంగల్ ఎంజీఎం, సీకేఎం ప్రసూతి ఆసుపత్రుల దాకా పోవలసి వచ్చేది. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. రెండు వారాల సరైన చికిత్సకు లొంగని పూత, పాలు తాగనివ్వని నొప్పి, బరువు పెరగని బిడ్డ, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన పూత ఉంటే పిల్లల వైద్యునికి చూపించాలి. అలాంటప్పుడు తల్లి రక్తంలో చక్కెరతో పాటు బిడ్డ రోగనిరోధక శక్తిని, అవసరమైతే హెచ్ఐవీని కూడా పరీక్షిస్తారు.